నాన్న చదివిన మెసేజ్‌లు

"కొంచెం ఎడమకి," అన్నాడు కింద నుంచి కొత్తగా చేరిన సిగ్నల్‌మాన్.

క్రేన్ కొక్కేనికి వేలాడుతున్న ఇనుప కడ్డీల కట్ట ఉన్నచోటనే ఆగిపోయింది.

"కొంచెం అంటే ఎంత?" వాకీటాకీలో ఒక ఆడగొంతు అడిగింది.

"కొంచెం అంటే కొంచెమే అండీ."

"నాకు మీటర్లు తెలుసు, అరమీటర్లు తెలుసు. కొంచెం తెలీదు. ఇంతకీ ఎడమ ఎవరిది? మీదా, నాదా?"

కింద పనిచేస్తున్న పదిహేనుమందీ తలలెత్తి చూశారు. సిగ్నల్‌మాన్ చెవులు ఎర్రబడ్డాయి.

"చెప్పేదాకా ఇది ఇక్కడే ఉంటుంది. నాకేం తొందర లేదు, కుర్చీ మెత్తగానే ఉంది," అంది ఆ గొంతు.

అతను గొంతు సవరించుకున్నాడు. "మీ ఎడమకి. మీటరున్నర."

కట్ట సరిగ్గా మీటరున్నర జరిగి, చప్పుడైనా చెయ్యకుండా చెక్కల మీద వాలింది.

ఆ గొంతు గల అమ్మాయికి ఇరవై మూడేళ్లు. సైటులో అందరూ పైలట్ అని పిలిచేవారు. కడుతున్నది పిల్లల ఆసుపత్రి. దాని పక్కనే నిలబెట్టిన పసుపుపచ్చ టవర్ క్రేన్ పైన, అరవై మీటర్ల ఎత్తులో, మనిషి కాళ్లు చాపుకునేంత క్యాబిన్. దాని నేల కూడా అద్దమే. ఆ అద్దంలోంచి పాదాల సందున చూస్తే, లారీలు అగ్గిపెట్టెల్లా, మనుషులు వాటిలోంచి చిందిన పుల్లల్లా కనబడేవారు. పొద్దున్నే నిచ్చెనెక్కి ఆ కుర్చీలో కూర్చుంటే, ఊరంతా తన ఒళ్లో ఉన్నట్టుండేది ఆమెకి.

మధ్యాహ్నం ఆమె కిందికి దిగేసరికి సిగ్నల్‌మాన్ నిచ్చెన దగ్గర కాచుకుని ఉన్నాడు. పొడుగాటి మనిషి. హెల్మెట్ కింద నుంచి జుట్టు మొండిగా బయటికొచ్చి ఉంది.

"పొద్దున పదిమందిలో నా పరువు తీసింది మీరేనా?"

"కొంచెం గారు మీరేనా?"

అతను కోపంగా చూద్దామనుకున్నాడు గానీ నవ్వొచ్చేసింది. ఆ పేరు ఆ సాయంత్రానికల్లా సైటంతా పాకింది. వంటపాత్రలు కడిగేవాళ్ల దగ్గర నుంచి సూపర్‌వైజర్ దాకా అందరికీ అతను కొంచెం గారే అయ్యాడు. అతను మాత్రం ఆ రోజు నుంచి మళ్లీ ఆ మాట వాడలేదు. జేబులో టేపు పెట్టుకుని తిరిగేవాడు. అంగుళాలతో సహా చెప్పేవాడు.

రెండు వారాలకి వాన పట్టుకుంది. చినుకులతో మొదలై, పావుగంటలో ఊరిని తెల్లటి తెర వెనక్కి నెట్టేసింది. గాలి వేగం హద్దు దాటిందని క్యాబిన్లో అలారం మోగింది. ఆమె బరువు దించేసి, క్రేన్‌ని గాలివాటుకి వదిలేసి కూర్చుంది. ఆ గాలిలో నిచ్చెన దిగడానికి వీల్లేదు. కిందివాళ్లంతా షెడ్డులోకి పరుగెత్తారు.

పనికి సంబంధం లేని మాట వాకీటాకీలో మాట్లాడకూడదు. అందుకని ఆమె సెల్‌ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

"కింద వాన. పైన?"

"అదే వాన. కాకపోతే నాకు ముందు దొరుకుతుంది, మీకు సెకండ్ హ్యాండ్."

"భయంగా ఉందా?"

"లేదు. ఊగుతుంటే నిద్రొస్తోంది."

"నిద్రపోకండి. నేను ఇక్కడ తడుస్తూ నిలబడ్డాను, దానికైనా విలువ ఇవ్వాలి."

ఆమె వంగి అద్దంలోంచి చూసింది. షెడ్డు బయట, నిచ్చెన మొదట్లో, ఒక్క పసుపు హెల్మెట్. కదలడం లేదు.

"షెడ్డులోకి వెళ్లండి," అని కొట్టింది.

"మీరు దిగాక."

గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె కింద కాలు పెట్టేసరికి అతని పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "అరవై మీటర్లు దిగాను, మీరు రెండు మీటర్లు నడిచి షెడ్డులోకి పోలేకపోయారా?" అంది. అతను జవాబు చెప్పేలోపు తుమ్మాడు.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం, అతను సైటులో ఏ మూల ఉన్నా, ఒక మెసేజ్ వచ్చేది. "దిగావా?" ఆమె "దిగాను" అనేది. మీరు ఎప్పుడు నువ్వుగా మారిందో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

ఇంట్లో మాత్రం ఈ సంగతులేవీ తెలియవు. ఆమె చేసేది సైట్ ఆఫీసులో ఫైళ్లు చూసుకునే పని అని చెప్పింది. అలా చెప్పకపోతే కుదిరేది కాదు. తండ్రి ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్. ఇరవై ఎనిమిదేళ్లుగా కామాలు, సున్నలు వెతికి వెతికి కళ్లజోడు మందమైంది. మందు సీసా మీది కాగితంలో తప్పు కనబడినా ఎర్రపెన్ను తీసేవాడు. అంత నిక్కచ్చి మనిషికి ఎత్తులంటే ప్రాణం మీదికొచ్చేది. బల్బు మార్చాలంటే స్టూలు ఎక్కేది భార్యే. ఆయన స్టూలు కాళ్లు పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అలాంటి మనిషితో, నాన్నా నేను క్రేన్ నడపడం నేర్చుకున్నాను, లైసెన్స్ వచ్చింది అని ఆమె చెప్పలేకపోయింది. ఇవాళ, రేపు అనుకుంటూనే ఏడాది గడిచిపోయింది.

సిగ్నల్‌మాన్ మెసేజ్‌లు మాత్రం ఆమె పనిని ఒక్క రోజూ వదల్లేదు. కింద నుంచి ఆ పనిని చూసి ఆమెకి చెప్పేవాడు అతనొక్కడే మరి.

"ఇవాళ ఆ గాజుపలకలు దించావు చూడు, నిద్రపోతున్న పసిపాపని పక్కలో పడుకోబెట్టినట్టు దించావు. సూపర్‌వైజర్ ఊపిరి బిగబట్టి నా భుజం గిల్లేశాడు. ఎర్రగా కమిలింది. నష్టపరిహారం నువ్వే ఇవ్వాలి."

ఒక గురువారం అతను ఇంకాస్త ముందుకెళ్లాడు.

"పొద్దున నువ్వు నిచ్చెన ఎక్కుతుంటే నేను మెట్లు లెక్కపెడతాను. రెండొందల పన్నెండు. పైకి చేరి నువ్వు చెయ్యి ఊపేదాకా ఏ పనీ ముట్టుకోబుద్ధి కాదు. ఎందుకో అడక్కు. నిన్ను అర్ధం చేసుకోడానికే టైమ్ సరిపోవట్లేదు, ఇంక నన్ను నేను ఎప్పుడు అర్ధం చేసుకోను?"

ఆమె ఆ మెసేజ్‌ని ఎన్నిసార్లు చదివిందో లెక్కపెట్టలేదు. జవాబు మాత్రం పొడిగా ఇచ్చింది. "మెట్లు రెండొందల పద్నాలుగు. సరిగ్గా లెక్కపెట్టు."

ఆదివారం పొద్దున. తండ్రి టీ తాగుతూ, ప్రెస్సు నుంచి తెచ్చుకున్న కాగితాలు తిరగేస్తున్నాడు. తల్లి కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి బొత్తాం కుడుతోంది.

"ఈ కాలం పిల్లలకి థ-కీ ధ-కీ తేడా తెలియడం లేదు," అన్నాడాయన. "అర్థం వేరు, అర్ధం వేరు. అర్ధం అంటే సగం. నిన్ను అర్ధం చేసుకోడానికే టైమ్ సరిపోవట్లేదు అని రాస్తే ఏమవుతుంది? నిన్ను సగం చేసుకోడానికే అని అవుతుంది. మనిషి మంచివాడే. భాషే..."

ఆమె చేతిలో కప్పు అక్కడే ఆగింది.

"ఎవరు రాశారు నాన్నా అది?"

తల్లి సూది ఆగింది. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "ఎవరో కొత్త రచయిత."

"పేరు?"

"ఇంకా... అంత పేరు రాలేదు."

ఆమె లేచి తండ్రి గదిలోకి వెళ్లింది. బల్ల మీద పాత ట్యాబ్లెట్ ఉంది. ఆమె పదో తరగతిలో ఉండగా మొదటి ఫోన్ కొనిచ్చినప్పుడు, ఆ ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లన్నీ అందులోనూ కనబడేలా పెట్టించాడాయన. పిల్ల చిన్నది, ఎవరు ఏం పంపుతారో అని. అప్పట్లో ఆమె రెండు రోజులు అన్నం మానేసింది. తర్వాత ఫోన్లు మారాయి, కాలేజీ అయిపోయింది, ఆ సంగతే మరిచిపోయింది. ట్యాబ్లెట్‌లో నాన్న నిఘంటువు చూసుకుంటాడు అంతే అనుకునేది. ఫోన్ మారినా తన అకౌంట్ మారలేదన్న సంగతి ఆమెకి తట్టలేదు.

తెర మీద వేలు పెట్టగానే గురువారం నాటి మెసేజ్ కనబడింది. దాని పైన బుధవారంది. దాని పైన మంగళవారంది.

ఆమె ఒళ్లు మండింది. ట్యాబ్లెట్ పట్టుకుని గిరుక్కున తిరగబోతుంటే మోచెయ్యి తగిలి ఒక నోటుపుస్తకం కింద పడింది. తెరుచుకున్న పేజీలో ఎర్రసిరా, తండ్రి గుండ్రటి అక్షరాలు.

"సోమవారం. ఆరూ పది. దిగింది."

"మంగళవారం. ఆరుంబావు. దిగింది."

పేజీలు తిప్పింది. రోజుకొక వరుస. మూడు నెలలు. వెనక్కి వెళ్లగా వెళ్లగా ఒక రోజుకి మాత్రం నాలుగు వరుసలున్నాయి. "వాన. పైనే ఉంది." "ఇంకా పైనే." "ఆ అబ్బాయి కింద నిలబడ్డాడట." చివరి వరుసలో అక్షరాలు వంకరపోయాయి. "దిగింది. దిగింది."

ఆమె ఆ పుస్తకం పట్టుకుని మంచం అంచున కూర్చుండిపోయింది. కోపం ఎటూ పోలేదు. గుండెల్లోనే ఉంది. కానీ దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది.

తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నాకు ఇరవై మూడేళ్లు నాన్నా."

"అవునమ్మా."

"పదిహేనేళ్లప్పుడు చదివావంటే సరే, చిన్నపిల్లని. ఇప్పుడెందుకు?"

"తప్పే," అన్నాడాయన. "నిఘంటువు చూస్తుంటే పైన నీ మెసేజ్ వచ్చి పడింది. క్రేన్ అని ఉంది. ఫైళ్లు చూసుకునే పిల్లకి క్రేన్ ఏమిటని అనుమానంగానే తెరిచాను. తెరిచాక నువ్వు ఎంత ఎత్తున ఉంటావో తెలిసింది. ఆ రోజు ప్రెస్సులో ఒక్క పేజీ దిద్దలేకపోయాను. అడుగుదామంటే, అడిగితే వద్దంటాను. నేను వద్దంటే నువ్వు మానేస్తావు, నాకు తెలుసు. మానేశాక ఇంట్లో నీ మొహం ఎలా ఉంటుందో కూడా తెలుసు. అందుకని నోరు మూసుకుని చదువుతూ కూర్చున్నాను."

"అడగకుండా చదవడం దొంగతనం నాన్నా."

"దొంగతనమే. అబద్ధం చెప్పి ఎక్కడం ఏమిటి మరి?"

ఆమె తలదించుకుంది. "అదీ తప్పే."

"ఇద్దరూ ఇద్దరే," అని తల్లి వెనక నుంచి అంది. "నన్నడిగితే ఇద్దర్నీ చెరో మూల నిలబెడతాను. నేను మాత్రం ఏ తప్పూ చెయ్యలేదు. మీ నాన్న చదివి వినిపిస్తే విన్నాను, అంతే."

"అమ్మా, నువ్వు కూడానా?"

"గాజుపలకల మెసేజ్ రెండుసార్లు చదివించుకున్నాను," అంది తల్లి, సిగ్గుపడకుండానే. "నా కూతురి పని గురించి నా కూతురు చెప్పకపోతే, ఎవరో ఒకరు చెప్పాలి కదా."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ట్యాబ్లెట్‌లోంచి తన అకౌంట్ తనే తీసేసి తండ్రి చేతిలో పెట్టింది. "ఇంక నిఘంటువు ఒక్కటే. ఏం కావాలన్నా నన్ను అడుగు. నేను చెబుతాను."

"ఒకటి అడగనా?"

"మానెయ్యమనా?"

"కాదు. ఒక్కసారి చూడాలని ఉంది. కింద నుంచే."

సోమవారం ఆమె సిగ్నల్‌మాన్‌కి అంతా చెప్పింది. అతను ఇసుకబస్తాల మీద కూర్చుండిపోయాడు.

"అన్నీ చదివారా?"

"అన్నీ."

"గురువారంది?"

"అందులో నీకు థ-కీ ధ-కీ తేడా తెలీదని తేలింది."

ఆమె నవ్వింది గానీ అతను నవ్వలేదు. లేచి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మెసేజ్ రాలేదు. మంగళవారమూ రాలేదు. వాకీటాకీలో మాత్రం అంకెలు చెప్పేవాడు. మూడు, రెండు, ఒకటి, ఆపు. అంతే. బుధవారం సాయంత్రం ఆమె నిచ్చెన దిగి, ఫోన్ చూసుకుని, బ్యాగులో పడేసింది. పెద్దవాళ్ల కంట పడగానే పారిపోయే మనిషైతే పోనీ అనుకుంది. రెండొందల పద్నాలుగు మెట్లు రోజూ ఒంటరిగా ఎక్కే మనిషికి, నేల మీద ఒంటరిగా నడవడం ఏమంత కష్టం? అలా అనుకుంది గానీ, గేటు దాకా నడవడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది.

గేటు దగ్గర అతను నిలబడి ఉన్నాడు.

"ఏం, ఇవాళ నోరొచ్చిందా?" అంది ఆగకుండానే.

"ఆగు. మూడు రోజులూ కూర్చుని మన మెసేజ్‌లన్నీ మొదటి నుంచీ చదివాను."

"దేనికి?"

"మీ నాన్నగారి ఎదురుగా అనలేని మాట ఒక్కటైనా రాశానా అని."

ఆమె ఆగింది. "దొరికిందా?"

"అక్షరదోషాలు నూటపన్నెండు దొరికాయి. వెనక్కి తీసుకోవాల్సిన మాట ఒక్కటీ దొరకలేదు." అతను హెల్మెట్ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. "ఒక మాట మాత్రం రాయలేదు. రాద్దామని చాలాసార్లు కొట్టి చెరిపేశాను. దాన్ని మెసేజ్‌లో పంపను. నువ్వంటే నాకు ఇష్టం. నీ పని అంటే ఇంకా ఇష్టం. నిన్ను చూసి కాలర్ ఎగరేసుకుని తిరుగుతున్నాను, సైటులో ఎవర్నైనా అడుగు. ఇది మీ ఇంట్లో కూర్చుని చెప్పమన్నా చెబుతాను."

వానేమీ లేదు. అయినా ఆమెకి ఊరంతా తడిసినట్టనిపించింది.

"మూడు రోజులు అంకెలు తప్ప మాట్లాడనందుకు నీ మీద చచ్చేంత కోపంగా ఉంది," అంది. "ఆ కోపం పోయాక, నాకూ నువ్వంటే ఇష్టమని చెబుతాను."

"ఎప్పుడు పోతుంది?"

"బస్‌స్టాపు దాకా నడిపిస్తే పోవచ్చు."

బస్‌స్టాపు రాకముందే పోయింది.

ఆ శనివారం ఆసుపత్రి పైకప్పుకి ఆఖరి దూలం ఎక్కించాలి. పద్నాలుగు మీటర్ల ఉక్కుదూలం. రెండు గోడల మధ్య, అటూ ఇటూ నాలుగేసి వేళ్ల సందు మాత్రమే వదిలి కూర్చోబెట్టాలి. బయటివాళ్లని లోపలికి రానివ్వరు. అందుకని తల్లీ తండ్రీ రోడ్డు మీదే, కంచె అవతల నిలబడ్డారు. తండ్రి మొదట నేలకేసి చూశాడు. తర్వాత గోడకేసి చూశాడు. భార్య చెయ్యి పట్టుకుని, మెల్లగా, అంతస్తు తర్వాత అంతస్తుగా చూపు పైకి జరిపి చివరికి క్యాబిన్ దాకా చేరాడు. అద్దం వెనక నుంచి ఒక చెయ్యి ఊగింది.

పైనుంచి ఆమెకి వాళ్లిద్దరూ గోరంత కనబడ్డారు. చేతులు ఒక్క క్షణం చెమర్చాయి. లివర్ల మీద చేతులు పెట్టగానే ఆరిపోయాయి.

"సిగ్నల్ రెడీ," అన్నాడతను.

"క్రేన్ రెడీ."

దూలం నేల విడిచింది. ఒక చివర గాలికి తిరగబోతే, కింద ఇద్దరు తాళ్లతో బిగబట్టారు. గోడ తలమీదికి రాగానే ఆమె ఆపింది. ఊగుడు పూర్తిగా చచ్చేదాకా ఆగింది. సైటులో ఎవరూ దగ్గలేదు.

"కిందికి రెండు మీటర్లు. ఒకటి. అర. నీ కుడికి రెండు వేళ్లు. ఆపు. కిందికి పావు. వేలెడు. ఆపు."

దూలం సందులో దిగి కూర్చుంది. అంచు ఎక్కడా గోడని రాసుకోలేదు. సూపర్‌వైజర్ ఈసారి ఎవర్నీ గిల్లలేదు, చప్పట్లు కొట్టాడు. సైటంతా కొట్టింది.

ఆమె దిగి వస్తుంటే సిగ్నల్‌మాన్ ఎదురొచ్చాడు. ఇద్దరూ గేటు దాటి కంచె పక్కగా నడిచారు. తండ్రి వాళ్లకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. కళ్లజోడు చేతిలో ఉంది, కళ్లు తుడుచుకుంటున్నాడు. పక్కన ఒక దారిన పోయే పెద్దాయన సైకిల్ పట్టుకుని, నోరు తెరిచి క్రేన్‌కేసి చూస్తున్నాడు.

"అబ్బ, ఏం దించాడండీ. ఎవరో గానీ మహా గట్టివాడు," అన్నాడు సైకిలాయన.

"గట్టివాడు కాదు, గట్టిది," తండ్రి దిద్దాడు. "ఆ పైన కూర్చున్నది మా అమ్మాయి."

"మీ అమ్మాయే? అంత ఎత్తునా? భయపడదూ?"

"దానికి భయం లేదు. అదంతా నేనే పడ్డాను." ఆయన గొంతు పెరిగింది. రోడ్డు అవతలి వాళ్లకి కూడా వినబడాలన్నట్టు చెప్పాడు. "అరవై మీటర్లండీ. రోజూ ఎక్కుతుంది. గాజుపలకలు కూడా పసిపాపని పడుకోబెట్టినట్టు దించుతుంది. అన్నీ తనే సొంతంగా నేర్చుకుంది."

"మరి కింద నుంచి అంకెలు చెబుతూ నిలబడ్డ ఆ పొడుగు కుర్రాడెవరు? వాడూ మీవాడేనా?"

తండ్రి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ప్రూఫు కాగితం మీద మాట కోసం వెతుకుతున్నట్టు కళ్లు చిట్లించాడు. తల్లి ఆయన చేతిని మోచేత్తో పొడిచింది.

"మా అల్లుడు," అన్నాడు తండ్రి. "పిల్లనిమ్మని ఇంకా అడగలేదనుకోండి. మంచివాడు. ఇవాళో రేపో అడుగుతాడు."

వెనక నిలబడ్డ సిగ్నల్‌మాన్ చేతిలోంచి హెల్మెట్ జారి రోడ్డు మీద దొర్లింది. ముగ్గురూ వెనక్కి తిరిగారు.

పైలట్ వంగి హెల్మెట్ తీసి, దుమ్ము దులిపి, అతని చేతిలో పెట్టింది.

"విన్నావుగా," అంది. "నిలబడ్డావేం? అడుగు."